మగపిల్లల బట్టలు ఇంట్లోనే కుడదాం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆడపిల్లల గౌన్లు, పరికిణీల గురించి ఈ శీర్షికలో రాసినప్పుడల్లా "మరి మా బాబు సంగతేమిటి?" అని అడిగే ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఈసారి వరంగల్, హన్మకొండ మొదలుకొని ఆదిలాబాద్ దాకా వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్నింటిని ఎంచుకుని, ఏడాది నుంచి ఏడెనిమిదేళ్ల మధ్య మగపిల్లలకు ఇంట్లో కుట్టుకోగలిగే అంగీలు, నిక్కర్లు, టోపీలు, సంచుల గురించి మాత్రమే జవాబులిస్తున్నాను. బజారులో మగపిల్లలకు దొరికే వాటిలో చాలా మటుకు పెద్దవాళ్ల ప్యాంటు, చొక్కా, కోటును కుదించి కుట్టినవే. పిల్లవాడు మాత్రం రోజంతా గొంతుకూర్చుంటాడు, పాకుతాడు, గోడలెక్కుతాడు, ఉన్నట్టుండి బాత్‌రూమ్‌కు పరుగెత్తుతాడు. కాబట్టి వాడి బట్ట వాడి కదలికకు అడ్డం రాకూడదు, వాడంతట వాడు తొడుక్కుని విప్పుకోగలిగేలా ఉండాలి. ఈ రెండు సంగతులనూ దృష్టిలో పెట్టుకునే కింది కొలతలు, పద్ధతులు చెబుతున్నాను.

ప్రశ్న: నాలుగేళ్ల మా బాబుకు ఇంట్లో కుట్టిన నిక్కర్లు నెల తిరగకుండానే వెనుక కుట్టు దగ్గర చినిగిపోతున్నాయి. దారం మార్చాను, గుడ్డ మార్చాను, అయినా అంతే. దర్జీకిద్దామంటే అంత చిన్న లాగు కుట్టనంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: వెనుక కుట్టు పదేపదే చినుగుతోందంటే లోపం దారంలో కాదు, కత్తిరింపులో ఉందన్నమాట. ముందు ముక్కనూ వెనుక ముక్కనూ ఒకదానిమీద ఒకటి పెట్టి, ఒకే వంపుతో కత్తిరించేయడం ఇళ్లలో మామూలుగా జరిగే పని. పిల్లవాడు నిలబడి ఉన్నంతసేపూ ఆ నిక్కరు బాగానే కనిపిస్తుంది. గొంతుకూర్చోగానే నడుము నుంచి తొడల సందు దాకా వెనుకవైపు దూరం పెరుగుతుంది, ముందువైపు తగ్గుతుంది. ఆ పెరిగిన దూరానికి సరిపడా గుడ్డ లేకపోతే నడుము పట్టీ కిందికి జారుతుంది, జారడానికి వీల్లేకపోతే కుట్టు తెగుతుంది.

సీటు చుట్టుకొలత 22 అంగుళాలున్న పిల్లవాడికి, కుట్టు మార్జిన్ కాకుండా, ఇలా గీసుకోండి. ముందు ముక్క వెడల్పు సీటులో నాలుగో వంతుకు ఒక అంగుళం కలిపితే 6.5 అంగుళాలు. వెనుక ముక్కకు మరో అర అంగుళం కలిపి 7 అంగుళాలు. నడుము నుంచి తొడల సందు దాకా లోతు 7.5 అంగుళాలు. ఆ లోతు దగ్గర ముందు ముక్కను అంగుళంన్నర బయటికి పొడిగించి, అక్కడి నుంచి నడుము వైపు గుండ్రని వంపు గీయాలి. వెనుక ముక్కను మాత్రం రెండున్నర అంగుళాలు పొడిగించాలి. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది: వెనుక ముక్క నడుము గీతను పక్కకుట్టు దగ్గర మామూలుగా ఉంచి, వెనుక మధ్య భాగానికి వచ్చేసరికి ఒక అంగుళం పైకి లేపాలి. ఈ ఒక్క అంగుళమే పిల్లవాడు కూర్చున్నప్పుడు నడుము పట్టీని వీపు మీద నిలబెడుతుంది. ఈ కొలతలకు పైన ఎలాస్టిక్ గొట్టం కోసం అంగుళంన్నర, చుట్టూ అర అంగుళం మార్జిన్, కాళ్ల అంచు మడతకు కనీసం రెండంగుళాలు కలుపుకోండి.

కుట్టే వరుస కూడా ముఖ్యమే. ముందుగా రెండు కాళ్లనూ విడివిడిగా, పక్కకుట్టు, లోపలి కుట్టు వేసి రెండు గొట్టాల్లాగా పూర్తి చేయండి. ఒక గొట్టాన్ని మంచివైపు బయటికి తిప్పి, దాన్ని తిరగేసి ఉన్న రెండో గొట్టంలోకి దూర్చితే రెండింటి మంచివైపులూ ఎదురెదురుగా వస్తాయి. అప్పుడు ముందు నడుము దగ్గర మొదలుపెట్టి, తొడల సందు మీదుగా వెనుక నడుము దాకా ఎక్కడా ఆపకుండా ఒకే కుట్టు వేయండి. వంపు ఉన్న భాగంలో మొదటి కుట్టుకు పక్కనే, మార్జిన్ వైపు, రెండో కుట్టు వేసి, అంచును ఇంటర్‌లాక్ చేయించండి. అది వీలుకాని చోట కాజా కుట్టుతో చేత్తో చుట్టేసినా చాలు.

నడుము 20 అంగుళాలైతే ఎలాస్టిక్‌ను 18 అంగుళాలు తీసుకుని, కొసలు ఒకదానిమీద ఒకటి అంగుళం ఎక్కించి కుట్టండి. బిగువు ఎక్కువైతే కడుపు మీద ఎర్రటి చార పడుతుంది, అలాంటి నిక్కరును ఏ పిల్లవాడూ ఇష్టంగా తొడుక్కోడు. అయిదారేళ్లు దాటేదాకా ముందు జిప్ పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. తొందరలో లాగినప్పుడు లేత చర్మం జిప్ పళ్ల మధ్య ఇరుక్కుని పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకెళ్లవలసి వచ్చే ప్రమాదాలు వైద్యులకు బాగా తెలిసినవే. ఆ తర్వాత పెట్టినా, జిప్ వెనుక రెండంగుళాల వెడల్పున మెత్తటి గుడ్డ పట్టీ తప్పకుండా వేయండి.

కాళ్ల అంచుకు రెండంగుళాల మడత ఎందుకన్నానో కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం మగపిల్లవాడి మధ్యస్థ ఎత్తు మూడేళ్లకు 96 సెంటీమీటర్లు, అయిదేళ్లకు 110 సెంటీమీటర్లు. అంటే ఏడాదికి ఏడు సెంటీమీటర్లు పెరుగుతున్నాడన్నమాట. నడుము అంత వేగంగా పెరగదు. కాబట్టి వెడల్పు కాదు, పొడవే పొదుపుగా దాచిపెట్టాలి. ఆ మడతను పొడవాటి కుట్టుతో వేస్తే విప్పడం తేలిక.

ప్రశ్న: మా ఆయన పాత చొక్కాలు నాలుగైదు బీరువాలో ఉన్నాయి. కాలర్లు అరిగిపోయాయి కానీ గుడ్డ గట్టిగానే ఉంది. వాటితో మూడేళ్ల బాబుకు అంగీలు కుట్టుకోవచ్చా? కాజాలు వేయడం నాకు రాదు.
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: కాజాలు రానివారికి ఇంతకంటే మంచి మార్గం లేదు. తండ్రి చొక్కాకు గుండీల పట్టీ, కాజాల పట్టీ దర్జీ చేతి నుంచి సిద్ధమై వచ్చాయి, వాటిని అలాగే వాడుకుందాం. పైగా చాలాసార్లు ఉతికిన నూలుగుడ్డ మెత్తబడి ఉంటుంది, ముడుచుకోవలసినంతా ముడుచుకుని ఉంటుంది, కొత్త గుడ్డలోని గంజి పదును అందులో ఉండదు.

ముందుగా చొక్కాను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. భుజాల మీద, వీపు పైభాగంలో, మోచేతుల దగ్గర గుడ్డ పలచబడి ఉంటుంది. నడుము కింది భాగం దాదాపు కొత్తదానిలా ఉంటుంది. అందుకే పైనుంచి కిందికి కాకుండా, కింది మడత నుంచి పైకి కొలుచుకోవాలి. దీనివల్ల మరో లాభం ఉంది. తండ్రి జేబును విప్పితే దాని కింద వెలవని గుడ్డ ముదురు రంగులో పలకలాగా కనిపిస్తుంది, అది ఎన్ని ఉతుకులకూ పోదు. పెద్దవాళ్ల చొక్కా పొడవు 29, 30 అంగుళాలు ఉంటుంది కాబట్టి, కిందినుంచి 16 అంగుళాలు కొలిస్తే జేబు గుర్తు మన ముక్కలోకి దాదాపుగా రాదు.

గుండీలన్నీ పెట్టి చొక్కాను మంచం మీదో నేల మీదో ముడతల్లేకుండా పరచండి. బాబుకు సరిగ్గా సరిపోయే పాత అంగీ ఒకటి తెచ్చి, దాని మధ్య గీత ఈ గుండీల వరుస మీదికి వచ్చేలా పెట్టండి. బాబు ఛాతీ 22 అంగుళాలైతే కుట్టిన తర్వాత అంగీ చుట్టుకొలత 27 ఉండాలి, అంటే పరచినప్పుడు అడ్డంగా పదమూడున్నర, దానికి రెండువైపులా అర అంగుళం చొప్పున మార్జిన్. చొక్కా కింది అంచు పక్కల దగ్గర పైకి వంపు తిరిగి ఉంటుంది కానీ, మధ్యలో ఉన్న పదమూడు, పద్నాలుగు అంగుళాల మేర ఇంచుమించు తిన్నగానే ఉంటుంది. మనకు కావలసింది ఆ మధ్య భాగమే కాబట్టి కింది మడత కూడా కుట్టి సిద్ధంగా ఉన్నట్టే. ముందు, వెనుక కలిపి కత్తిరించండి కానీ మెడను మాత్రం విడివిడిగా తీయాలి. వెనుక మెడ లోతు అర అంగుళానికి మించకూడదు, ముందు మెడ లోతు రెండంగుళాలు ఉండాలి. పెద్దల చొక్కాల్లో గుండీకి గుండీకి మధ్య మూడున్నర అంగుళాల దాకా ఎడం ఉంటుంది కాబట్టి, ఈ అంగీకి మూడు గుండీలు మిగులుతాయి, అవి చాలు.

కాలర్ జోలికి పోవద్దు. పెద్దాయన మెడ 16 అంగుళాలు, బాబు మెడ 10, 11 అంగుళాలు. ఆ కాలర్‌ను కుదించాలని చూస్తే కొసలు వంకరపోతాయి. మిగిలిన గుడ్డలోంచి అంగుళంన్నర వెడల్పున క్రాస్ పట్టీ, అంటే పోగుకు ఏటవాలుగా కత్తిరించిన పట్టీ, తీసి మెడ చుట్టూ మడిచి కుట్టండి. ఏటవాలు పట్టీ సాగుతుంది కాబట్టి గుండ్రటి మెడ దగ్గర ముడతలు పడకుండా కూర్చుంటుంది. మెడ దగ్గర కాజా అవసరం లేకుండా ఒక టిచ్ బటన్ వేసుకోండి. చేతుల విషయానికొస్తే, తండ్రిది పొట్టి చేతుల చొక్కా అయితే దాని మడతను అలాగే ఉంచి, బాబు చేతి వెడల్పుకు పక్కలు తగ్గించుకోవచ్చు. పొడుగు చేతులదైతే మోచేయి పైభాగంలోంచి ముక్కలు తీసుకుని కొత్తగా మడత వేసుకోవాలి. చంక దగ్గర మాత్రం పిసినారితనం చేయకండి: బాబు రెండు చేతులూ పైకెత్తినప్పుడు అంగీ అంచు బొడ్డు పైకి లేవకూడదు, అదే పరీక్ష.

గుండీలు ఏళ్ల తరబడి వాడినవి కదా, వాటి దారం పలచబడి ఉంటుంది. అన్నింటినీ విప్పి, రెండు పోగుల దారంతో మళ్లీ కుట్టి, గోళ్లతో గట్టిగా లాగి చూడండి. ఊడిన గుండీ పసివాడి చేతిలోంచి నోట్లోకి పోవడానికి క్షణం పట్టదు.

ప్రశ్న: ఎండాకాలంలో రెడీమేడ్ టీషర్టులు వేస్తే మా వాడికి వీపంతా చెమటకాయలు వస్తున్నాయి. ఏ గుడ్డ కొనాలి? రంగు పోకుండా ఉప్పు నీళ్లలో నానబెట్టమంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: లోపలి చీటీ చూడండి, చాలా టీషర్టుల్లో పాలిస్టర్ కలిసి ఉంటుంది. అది చెమటను పీల్చుకోదు. ఏడాది, రెండేళ్ల పిల్లలకు మల్లు గుడ్డ, కాస్త పెద్దవాళ్లకు పాప్లిన్ లేదా పలచటి చేనేత నూలుగుడ్డ మంచివి. 36 అంగుళాల పన్నా ఉన్న గుడ్డయితే మూడేళ్ల వాడి పొట్టి చేతుల అంగీకి ముప్పావు మీటరు సరిపోతుంది. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద వచ్చే జంపఖానాలు, దుప్పట్లు బరువైనవి కాబట్టి అంగీలకు పనికిరావు. వాటి సంగతి కింద సంచి గురించిన జవాబులో చెబుతాను.

గుడ్డ ఏదైనా కత్తిరించే ముందు ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేయండి. నూలుగుడ్డ మొదటి ఉతుకుల్లో ముడుచుకుంటుంది, పొడవు వైపు ఎక్కువగా ముడుచుకుంటుంది. కుట్టిన తర్వాత ముడుచుకుంటే అంగీ పొట్టిదైపోతుంది. ఉప్పు సంగతికొస్తే, అద్దకం వేసే సమయంలో రంగు నూలుకు పట్టడానికి ఉప్పు తోడ్పడుతుంది, అద్దకం పూర్తయ్యాక పోయే రంగును అది ఆపలేదు. తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ గుడ్డను చల్లటి నీళ్లలో రెండు మూడుసార్లు విడిగా జాడించి, నీళ్లు తేటపడ్డాకే కత్తెర పట్టండి.

దీపావళికి కుట్టే బట్టల గురించి కూడా ఇక్కడే ఒక మాట. పాలిస్టర్, నైలాన్ నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలు అలా కరగదు కానీ త్వరగా అంటుకుంటుంది. కాబట్టి ఆ పూటకు వంటికి దగ్గరగా ఉండే నూలు అంగీ, మోకాళ్ల దాకా నిక్కరు వేయండి. వేలాడే కుర్తాలు, కండువాలు టపాసులు కాల్చడం అయిపోయాకే.

ప్రశ్న: నా మనవడికి అయిదో ఏట ధోతి ఫంక్షన్ చేస్తున్నాం. నా గొల్లభామ చీర ఒకటి పక్కన పెట్టుకున్నాను, దాంతో వాడికి కుర్తా కుట్టించాలని కోరిక. పంచె మాత్రం కడితే పది నిమిషాలు నిలవదు. దారి చెప్పండి.
– ఒక నానమ్మ, సిద్దిపేట

జవాబు: అమ్మా, మీ కోరిక ఎంతో బాగుంది. మన జిల్లా మగ్గం మీద నేసిన చీర మనవడి ఒంటిమీదికి రావడం కంటే ఆ వేడుకకు తగిన అలంకారం మరొకటి ఉండదు. అయితే చీర మీద కత్తెర పడేముందు ఒక్క విషయం గమనించండి. తలమీద కుండతో నిలబడిన గొల్లభామ బొమ్మకు పైవైపు, కిందివైపు అని ఉంటాయి. భుజం దగ్గర కుట్టు లేకుండా గుడ్డను మడిచి కుర్తా తీస్తే, ముందు బొమ్మలు నిటారుగా ఉండి వీపు మీది బొమ్మలు తలకిందులవుతాయి. ముందు ముక్క, వెనుక ముక్క విడిగా కత్తిరించి భుజం దగ్గర కుట్టు వేస్తేనే రెండువైపులా భామలు నిటారుగా నిలుస్తారు. బొమ్మలున్న భాగం తక్కువగా ఉంటే దాన్ని ఛాతీ ముందు అడ్డపట్టీగానో, మెడ నుంచి కిందికి దిగే గుండీల పట్టీకి ఇరువైపులానో వాడండి, తక్కిన కుర్తాకు చీరలోని సాదా భాగం చాలు. పాత చీర మడతల దగ్గర పోగులు బలహీనపడి ఉంటాయి, అక్కడ కత్తిరింపు రాకుండా చూసుకోండి. లోపల మల్లు గుడ్డతో పూర్తిగా అస్తరు వేయించండి. జరీ ఉన్నచోట అస్తరు లేకపోతే పిల్లవాడు గంటసేపు కూడా ఉంచుకోడు.

ఇక పంచె. అసలు పంచెలాగే కనిపించి, ఎలాస్టిక్ నడుముతో నిక్కరులాగా ఎక్కించుకునేలా కుట్టుకోవచ్చు. ముందుగా పలచటి తెల్లగుడ్డతో చీలమండ దాకా వదులైన పైజామా కుట్టండి, పైన చెప్పిన నిక్కరు కొలతలే దీనికీ పనికొస్తాయి. ఒక మీటరు వెడల్పున్న పంచె ముక్కను, జరీ అంచు కిందికి వచ్చేలా పెట్టి, నాలుగంగుళాల వెడల్పుకు తగ్గేలా కుచ్చిళ్లు పోసి, ఇస్త్రీ చేసి, పైభాగాన్ని పైజామా ముందు నడుము మధ్యలో కుట్టండి. మరో ముక్కను ఇలాగే కుచ్చిళ్లు పోసి వెనుక నడుము మధ్య నుంచి తొడల సందు కుట్టు దాకా గోచీలాగా అతికించండి. ముందు కుచ్చిళ్ల అడుగు చీలమండకు రెండంగుళాల పైనే ఆగాలి. అంతకంటే దిగితే మెట్లెక్కేటప్పుడు తొక్కుకుని పడతాడు. కండువాను భుజం కుట్టు దగ్గర ఒక టిచ్ బటన్‌తో కుర్తాకే తగిలించండి, మెడ చుట్టూ మాత్రం చుట్టవద్దు. వేడుక రోజు బాబుకు మధ్యలో బాత్‌రూమ్‌కు వెళ్లవలసి వస్తే ఈ పంచె ఒక్క లాగుతో దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది, కట్టినవారిని పిలవాల్సిన పని ఉండదు.

ప్రశ్న: వేములవాడలో మా బాబుకు పుట్టు వెంట్రుకలు తీయించబోతున్నాం. ఎలాంటి అంగీ కుట్టాలి?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: తల మీదుగా తొడిగే అంగీ ఏదీ కుట్టకండి. ముందు మొత్తం తెరుచుకునే మల్లు జుబ్బాలు రెండు కుట్టండి, ఒకటి వెంట్రుకలు తీసేటప్పటికి, మరొకటి స్నానం తర్వాతకు. కత్తి తగిలిన లేత తలమీద గుడ్డ ఒరుసుకోకుండా ఉండటమే ముఖ్యం. తలకు రాసే గంధం మెడ దగ్గర అంటుకుంటుంది కాబట్టి రెండోది తెలుపు కాకుండా లేత పసుపు రంగుదైతే మేలు. గుండీలకు బదులు పక్కగా కట్టుకునే నాలుగంగుళాల గుడ్డ నాడాలు పెట్టండి.

ప్రశ్న: బడికి వెళ్లే పిల్లవాడికి ఎండ టోపీ, చలికాలానికి చెవులు కప్పే టోపీ ఇంట్లో కుట్టాలనుకుంటున్నాను. గడ్డం కింద తాడు పెట్టాలా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: తండ్రులు కూడా కుట్టు గురించి అడుగుతూ రాయడం చాలా సంతోషం కలిగించింది. తాడు విషయం ముందు చెబుతాను: వద్దు. ఆటస్థలంలో జారుడు బల్లకో, కిటికీ చువ్వకో, బస్సు తలుపుకో తాడు తగులుకుంటే మెడ బిగుసుకుపోతుంది. ఇలాంటి మరణాలు చూసిన తర్వాతే అమెరికాలో వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం 1996లో పిల్లల పైదుస్తుల మెడ, తల భాగాల్లో లాగుడు తాళ్లు పెట్టవద్దని మార్గదర్శకాలు జారీ చేసింది. టోపీ నిలవాలంటే వెనుక భాగంలో రెండంగుళాల మేర సన్నటి ఎలాస్టిక్ కుట్టండి.

ఎండ టోపీకి కావలసింది ఒక్క కొలత, కనుబొమ్మల పైనుంచి తల చుట్టూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో మగపిల్లవాడి తల చుట్టుకొలత ఏడాదికి సుమారు 46 సెంటీమీటర్లు, మూడేళ్లకు 49.5, అయిదేళ్లకు దాదాపు 51. మీ బాబుది 50 అనుకుందాం. వదులుకు 2 కలిపితే 52. దాన్ని 3.14తో భాగిస్తే పైభాగపు గుండ్రటి ముక్క వ్యాసం 16.5 సెంటీమీటర్లు వస్తుంది, చుట్టూ ఒక సెంటీమీటరు మార్జిన్ కలిపి 18.5 వ్యాసంతో కత్తిరించండి. పక్క పట్టీ 54 సెంటీమీటర్ల పొడవు, మార్జిన్‌తో కలిపి 10 సెంటీమీటర్ల ఎత్తు. అంచు గొడుగు కోసం గీసే ఉంగరం లాంటి ముక్కలోనే చాలామంది తడబడతారు. దాని లోపలి వృత్తం వ్యాసార్థం 8.3 సెంటీమీటర్లు రావాలి కానీ, కుట్టు మార్జిన్ లోపలివైపే పడుతుంది కాబట్టి కత్తిరింపును 7.3 దగ్గరే వేయాలి. 8.3 దగ్గర కత్తిరించేస్తే గొడుగు వదులై పక్క పట్టీకి సరిపోదు. గొడుగు వెడల్పు 6 సెంటీమీటర్లు ఉంచి, రెండు పొరల మధ్య పాత జీన్స్ గుడ్డ ఒక పొర పెట్టి, సెంటీమీటరుకో వరుస చొప్పున గుండ్రంగా కుట్లు వేస్తే వాలిపోకుండా నిలుస్తుంది. మెడ వెనుక భాగం ఎండకు ఎక్కువగా మాడుతుంది, కాబట్టి ముందువైపు మాత్రమే చూరు ఉన్న క్రికెట్ టోపీ కంటే ఇదే మంచిది.

చలి టోపీకి లోపల ఫ్లానెల్, బయట ఏదైనా గట్టి నూలుగుడ్డ. చెవుల మీదికి దిగే ముక్కలను గడ్డం కింద టిచ్ బటన్‌తో కలపండి, లాగితే ఊడిపోయే బటన్ తాడుకంటే ఎన్నో రెట్లు నయం. మీ జిల్లా చలి నాకు తెలుసు, అయినా ఏడాది లోపు పసివాడు ఇంట్లో నిద్రపోతున్నప్పుడు టోపీ తీసేయండి. పసివారి శరీరం అధిక వేడిని తలనుంచే చాలావరకు వదులుకుంటుంది.

ప్రశ్న: బాబు అంగీ మీద పూలు, నెమలి కుడితే మా అత్తగారు "మగపిల్లవాడికి పూలేమిటి?" అంటున్నారు.
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: అత్తగారికి నచ్చజెప్పవచ్చు. మగవాళ్ల కుర్తాల మెడ చుట్టూ చేతికుట్టు పూలు మన దగ్గర కొత్తేమీ కాదు. లంబాడా అక్కచెల్లెళ్ల అద్దాల కుట్టు మీ చుట్టుపక్కల తండాల్లోనే ఉంది, నేర్పమంటే సంతోషంగా నేర్పుతారు. అయితే అద్దాలు, పూసలు, గవ్వలు మూడేళ్లు దాటాకే. కుట్టు వెనుకవైపు ముడులు ఒంటికి గరుకుగా తగలకుండా మెత్తటి మల్లు ముక్క వేసి మూసేయండి. బొమ్మ ఏదో బాబునే అడగండి. నాలుగేళ్లు వచ్చేసరికి వాడికి ఎడ్లబండి కావాలో, ట్రాక్టర్ కావాలో, నెమలే కావాలో స్పష్టంగా చెబుతాడు, ఆ బొమ్మ ఉన్న అంగీని ఉతకడానికి కూడా ఇవ్వడు.

ప్రశ్న: మొలతాడుకు వెండి మువ్వలు, రంగు పూసలు గుచ్చి ఇంట్లో అల్లుదామనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, ములుగు

జవాబు: నల్లటి నూలు దారంతో మూడు పాయలుగా అల్లి, రెండు వేళ్లు సులువుగా దూరేంత వదులు ఉంచి, పెరిగేకొద్దీ సడలించేలా జారుడు ముడి వేయండి. పూసలు వద్దు, మువ్వలు కావాలంటే వేడుక రోజున కట్టి సాయంత్రానికి తీసేయండి. మెడలో తాయెత్తు తాడు ఉంటే నిద్రపుచ్చేముందు అది కూడా తీయాలి.

ప్రశ్న: ఇంట్లో పాత వరంగల్ జంపఖానా ఉంది. ఒకటో తరగతికి వెళ్లే బాబుకు దాంతో బడి సంచి కుట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన జంపఖానా ఎన్నేళ్లు వాడినా చివరిదాకా పనికొచ్చే వస్తువు. కానీ సంచి మొత్తం దాంతోనే కుడితే సంచి బరువే ఎక్కువైపోతుంది. ఒకటి, రెండు తరగతుల పిల్లల సంచి పుస్తకాలతో కలిపి కిలోన్నర దాటకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం సూచించింది. కాబట్టి అడుగు భాగానికి, ముందు జేబుకు మాత్రమే జంపఖానా వాడి, మిగతాదంతా గట్టి ఖద్దరుతోనో కాన్వాస్‌తోనో కుట్టండి. ఒకటో తరగతి వాడికి 12 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల లోతు సరిపోతుంది.

జంపఖానాను కత్తిరించగానే అడ్డపోగులు వరుసగా జారిపోతాయి. అందుకని ముందుగా కత్తిరించబోయే గీతకు రెండువైపులా దగ్గర దగ్గరగా రెండేసి మిషన్ కుట్లు వేసి, ఆ తర్వాత వాటి మధ్య కత్తిరించండి. అంచులను నూలు పట్టీతో మూసేయండి. మిషన్‌కు 16 నంబరు సూది తక్కువ కాకుండా వాడండి, నాలుగు మడతలు కలిసే మూలల దగ్గర మిషన్‌ను బలవంతపెట్టకుండా దబ్బనంతో, మైనం పట్టించిన దారంతో చేత్తో కుట్టండి. భుజం పట్టీలకు నవారు మంచానికి వాడే నవారు పట్టీని మించినది లేదు, అది సాగదు, భుజాన్ని కోయదు. పట్టీల పై కొసలను సంచి పై అంచు నుంచి రెండంగుళాలు లోపలికి దించి, పలకాకారంలో చుట్టూ కుట్టి, లోపల ఇంటూ గుర్తులాగా రెండు అడ్డకుట్లు వేయండి. ఆ కుట్టు పడిన చోట సంచి లోపలివైపు జంపఖానా ముక్క ఒకటి పెట్టి కలిపి కుడితే, సంచి నిండా పుస్తకాలున్నా పట్టీ ఊడదు.